రెండుసార్లు లెక్కకెక్కిన బాతు

మనవరాలికి ఎన్నో ర్యాంకు వచ్చిందో కనుక్కోవాలని కృష్ణమూర్తిగారికి ఒకటే ఆత్రం. అమెరికాలో, అరోరా ఊళ్లో కూతురు నళిని ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ అదే ధ్యాస. శీతాకాలం సెలవులకి స్మృతి యూనివర్సిటీ నుంచి ఇల్లు చేరిందో లేదో, పట్టుకున్నారు.

"మా యూనివర్సిటీలో ర్యాంకుల్లేవు తాతయ్యా. జీపీఏ కూడా లెక్కపెట్టరు."

"పోనీ, తప్పినవాళ్లు ఎంతమంది?"

"ఎవరికీ తెలీదు. ఏ, బీ, సీ, అంతే. సీ కూడా రాకపోతే ఆ కోర్సు బయటికిచ్చే ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అదే మార్కుల కాగితంలో, కనపడనే కనపడదు."

కృష్ణమూర్తిగారు కాఫీ కప్పు కింద పెట్టేశారు. "కనపడదా! మా బళ్లో తప్పినవాడి పేరు గోడకి అంటించేవాళ్లే. నాలుగూళ్లు చదివేవి. సిగ్గుతో వాడింటి గేదె రెండ్రోజులు పాలిచ్చేది కాదు."

"గేదెకెలా తెలుస్తుంది?"

"అదీ గోడ చూసేదిగా!"

ఏ సబ్జెక్టులు చదవాలో కూడా అక్కడ పిల్లల ఇష్టమేనట. పెళ్లిభోజనంలో అన్నం జోలికి పోకుండా జిలేబీలే తినొచ్చన్నమాట అని ఆయన తేల్చేశారు. మామూలుగా అయితే స్మృతి పగలబడి నవ్వేది. ఇవాళ లాప్‌టాప్ ముందు దిగాలుగా కూర్చుంది.

సంగతేమిటో ఒక్కొక్క ముక్కే లాగారాయన. డిగ్రీ మీద ఆనర్స్ అని పడాలంటే థీసిస్ రాయాలి, పైగా డిపార్ట్‌మెంట్ కోర్సుల్లో సగానికి మించి 'ఏ' గ్రేడు స్థాయిలో ఉండాలి. స్మృతికి ఒక్కటి తక్కువైంది. స్టాటిస్టిక్స్‌కి భయపడి, దాన్ని అక్షరం గ్రేడు లేకుండా ఒట్టి పాస్ పద్ధతిలో తీసుకుంది. అదరగొట్టి పాసైందో, అంచు పట్టుకుని గట్టెక్కిందో ఇప్పుడు కాగితం చెప్పదు. ప్రొఫెసరు మాటల్లో ఒక రిపోర్ట్ రాసిస్తే, అది చూసి డిపార్ట్‌మెంట్‌వాళ్లు 'ఏ' కింద లెక్కేసుకుంటారు. అయితే ముందు పిల్ల తన చదువెలా సాగిందో తనే రాసివ్వాలి. ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా.

"ఏం రాశావో చదువు."

"క్లాసులకి రెగ్యులర్‌గా వెళ్లాను. హోంవర్క్‌లు చేశాను. థాంక్యూ ప్రొఫెసర్."

"ఇది సెలవు చీటీయే అమ్మడూ! నన్ను చెప్పనీ, రాసుకో. నేను ప్రశ్న అడిగితే ప్రొఫెసరు గొంతెండిపోయి మూడు చెంబుల నీళ్లు తాగేవారు..."

"అయ్యో, దాన్ని చదివేది ఆవిడే తాతయ్యా!"

"ఆవిడా? అయితే రెండు చెంబులు చాల్లే."

స్మృతికి నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ, "బాతుల సంగతి మాత్రం రాయను" అనేసింది.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఏ బాతులు?"

మొదటి ప్రాజెక్టుకి స్మృతి క్యాంపస్ చెరువు దగ్గర కెనడా బాతుల్ని లెక్కపెట్టింది. పొద్దున తూర్పు ఒడ్డున, మధ్యాహ్నం పడమటి ఒడ్డున లెక్కేసి, రెండూ కూడితే నాలుగొందలు దాటాయి. 'ఏ' గ్రేడు వచ్చింది. ఆ తర్వాత ఫోన్‌లో ఫోటోలు తిరగేస్తుంటే ఒక కుంటి బాతు రెండు ఒడ్లలోనూ కనిపించింది. అంటే అవి చెరువు ఈదుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాయి, ఈ పిల్లేమో లెక్కపెట్టినవాటినే మళ్లీ లెక్కపెట్టింది!

"వెళ్లి చెప్పేశాను. 'ఏ' గ్రేడు పోయింది, ఆ ప్రాజెక్టు ఫెయిల్. ఫ్రెండ్‌ని అవతలి ఒడ్డున నిలబెట్టి, ఇద్దరం ఒకే టైమ్‌లో మళ్లీ కౌంట్ చేశాం. రెండొందల్లోపే. ఆ ఫెయిల్ ఎక్కడా కనపడదు కదా తాతయ్యా, నేనే తవ్వి డిపార్ట్‌మెంట్‌కి చూపించాలా?"

"ఆగాగు. నువ్వు చెప్పకముందు తప్పు ఎవరైనా పట్టుకున్నారా?"

"లేదు."

"'ఏ' గ్రేడు చేతిలో ఉందా?"

"ఉంది."

కృష్ణమూర్తిగారు మనవరాలిని కొత్త మనిషిని చూసినట్టు చూశారు. చేతికందిన ఏ సంఖ్యనైనా రెండింతలు చేయందే ఆయనకి తోచదు. "నేనైతే వాటిని ఎనిమిదొందలు చేసేవాణ్ణి. నువ్వెందుకు చెప్పావే?"

"ఆ నంబర్ చూస్తే నాకే నచ్చలేదు. నిజంగా ఎన్నున్నాయో తెలుసుకోవాలనిపించింది."

"ఆ ముక్కే రాయి."

"అది చదివి 'ఏ' ఇవ్వమంటేనో?"

"ఇవ్వకపోవచ్చు. కానీ సెలవు చీటీకి మాత్రం ఎవరూ ఇవ్వరు."

స్మృతి మూడు వాక్యాలూ చెరిపేసింది. ఫెయిల్ అన్న మాట దగ్గర వేలు చాలాసేపు ఆగింది. చివరికి దాన్ని అలాగే ఉంచి, గడువుకి కాస్త ముందుగా పంపేసింది.

సెలవులు అయిపోకముందే జవాబొచ్చింది. స్మృతి పైకి చదువుతూ తెలుగులో చెప్పింది: "మొదటి లెక్క తప్పని నేను కనిపెట్టలేదు. ఆమే వచ్చి చెప్పింది. నా క్లాసులో 'ఏ' గ్రేడు స్థాయి పనంటే ఇదే." కిందే డిపార్ట్‌మెంట్‌వారి మాట: ఈ కోర్సును 'ఏ' కింద లెక్కిస్తున్నాం, థీసిస్ అంగీకరించగానే ఆనర్స్.

ఆఫీసులో ఉన్న నళినికి ఫోన్ చేసి స్మృతి గంతులేస్తుంటే, కృష్ణమూర్తిగారు పక్కన నిలబడి ఆమె మోచెయ్యి గోకుతున్నారు.

"ఒక్క నిమిషం అమ్మా. ఏంటి తాతయ్యా?"

"ఆ చెరువు అవతల ఇంకో చెరువేమైనా ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"అక్కడికీ పోతాయేమో?"

స్మృతి ఫోన్ మళ్లీ చెవికి ఆనించుకుంది. "అమ్మా, మళ్లీ చేస్తా" అని ఫోన్ పెట్టేసి, మ్యాప్ తెరిచింది.