నూనె కారే చోటు

మూడో బోల్టు ఊడిరాగానే మీటర్ రీడర్ నడుం పట్టుకుని లేచాడు. గేటు దాకా నడిచి, వీధి అటూ ఇటూ చూసి, మళ్లీ కారు దగ్గరకే వచ్చాడు. పొద్దుటి నుంచి ఇది ఏడోసారో ఎనిమిదోసారో. ఇరవయ్యారేళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసిన కాళ్లు, సెలవు పెట్టిన రోజునా ఒకచోట నిలవడం లేదు.

"కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేంట్రా?" మెట్ల మీద కూర్చుని కుట్టుమిషను తలకాయకి దుప్పటి చుడుతున్న అక్క అంది.

"ఇంజను చల్లారాలిగా."

ఇంజను తెల్లవారినప్పటి నుంచీ చల్లగానే ఉంది.

బావ పోయాక అక్క ఈ ఇంటికి వచ్చింది. పద్దెనిమిదేళ్లు వీధి వీధంతటికీ బట్టలు కుట్టింది. ఇతనికి పెళ్లి కుదరలేదు. కుదరలేదని ఎవరూ పెద్దగా బాధపడలేదు కూడా. పోయిన వారం, యాభై రెండో ఏట, అక్క పక్క పట్నంలోని గుడ్డల కొట్టాయన్ని పెళ్లి చేసుకుంది. ఈ సాయంత్రం బావ నాటి ఈ పాత కారు తనే నడుపుకుంటూ వెళ్లిపోతుంది.

మిగతా బోల్టులూ విప్పి ఇంజను పైమూత ఎత్తాడు. దాని కింది రబ్బరు ప్యాకింగు ఎండుటాకులా పుటుక్కున విరిగింది. నెల రోజులుగా నూనె కారుతున్నది ఇక్కడి నుంచే. ముక్కలు గీకేసి, అంచు తళతళలాడేదాకా తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"కొత్తది దొరికిందా?"

అది అతని చొక్కా జేబులోనే ఉంది. దొరకలేదని చెబితే చాలు, బండి కదలదు. అతని మాట అక్క ఎన్నడూ కాదనలేదు. అతను గుడ్డ మడత మార్చి మళ్లీ అంచు మీద పెట్టాడు.

"దొరక్కపోతే ఉండిపోతాలేరా," అంది అక్క నెమ్మదిగా. ఆమె వేళ్లు దుప్పటి ముడి విప్పడం మొదలుపెట్టాయి.

అతను ఆ వేళ్లనే చూస్తూ జేబులో చెయ్యి పెట్టాడు.

"దొరికింది."

మధ్య నుంచి అంచులకు, కొద్దికొద్దిగా, బోల్టులు బిగించాడు. చివరిది అక్క బిగించింది. అతను ఇంకో చుట్టు తిప్పబోతే చెయ్యి పట్టుకుంది. "చాల్లే. కుట్టు మరీ లాగితే గుడ్డ ముడతలు పడుతుంది."

ఇంజను అరగంట నడిచింది. ఈలోగా అక్క ఒకసారి లోపలికి వెళ్లి వచ్చింది. మూత చుట్టూ తిప్పిన తెల్లగుడ్డ తెల్లగానే వచ్చింది.

"దిగగానే నూనె చూసుకో అక్కా."

"చూసుకుంటాలే. నువ్వేం తింటావు?"

"వండుకుంటాను."

"ఏడ్చావులే," అంది అక్క స్టీరింగు ముందు కూర్చుంటూ. కళ్లు తుడుచుకుంటే వేళ్ల నూనె చెంపకి నల్లగా అంటింది. చెప్పబోయాడు, ఈలోగా కారు కదిలింది.

మలుపు తిరిగేదాకా వీధిలో నిలబడి, లోపలికి వచ్చి, ఉన్న మూడు గదులూ తిరిగాడు. వంటింటి కిటికీ గట్టు మీద అక్క దగ్గరుండే ఇంటి తాళంచెవి ఉంది. మిగతావాటిలో కలిసిపోకుండా దాని తలకి ఆమె ఎప్పుడో చుట్టిన ఎర్రదారం మీద, ఇంకా ఆరని నల్లటి నూనె.