కోటు అంచులో నాడా

విమానం రెక్క ఎడమకు ఒరిగినప్పుడల్లా నా ప్రాణం కుడివైపుకు పరిగెత్తేది. భూమిలో ఇనుప ఖనిజం జాడను పైనుంచి పట్టే యంత్రం దగ్గర నా ఉద్యోగం. ఆ యంత్రం కన్ను తోకలో ఉంటుంది. చిక్కల్లా విమానంలోనూ ఇనుము ఉండడమే. ఆ ఇనుమును లెక్కలోంచి తీసెయ్యడానికి, సర్వేకు ముందు మెదక్ మీద బాగా ఎత్తుకు పోయి ముక్కు ఎత్తి దించుతారు, రెక్కలు వాలుస్తారు, తోక ఊపుతారు. ఎంత ఊగినా యంత్రం కాగితం మీద గీసే గీత తిన్నగా రావాలి. రాకపోతే మళ్లీ మొదటినుంచి. ఈ పద్ధతి కనిపెట్టినవాడు ఒక్కసారైనా విమానమెక్కి ఉండడని నా అనుమానం.

ఆ రోజు గీత వంకర్లు పోయింది. రెండోసారీ అంతే. ఎల్దుర్తి వైపునుంచి నల్లటి మబ్బు లేచి వస్తోంది.

“దావీదు, ఇంకోసారి తిప్పుతున్న. గట్టిగ పట్టుకో,” అన్నాడు పైలట్ మదన్ మోహన్.

నాకు చావంటే భయం, దాచుకోవడమెందుకు. కిటికీలో చర్చి శిఖరం పక్కకు పడిపోతున్నట్టు కనబడింది. దాని వెనకే మా ఇల్లు. అమ్మ వాకిట్లో నిలబడి పైకే చూస్తూ ఉంటుంది.

అప్పుడే తోక దగ్గర ఠక్కుమంది. కొక్కేనికి తగిలించిన నా కోటు ఊగి గోడకు కొట్టుకుంది. గుడ్డ ఠక్కుమనదు కదా. వెళ్లి తడిమాను. అంచులో గట్టిగా ఏదో తగిలింది. కుట్లు తెంపితే గుర్రపు నాడా. అమ్మ పనే. ఆదివారం బడిలో పిల్లలకు తాయెత్తులు కట్టుకోవద్దని చెప్పే మా అమ్మ జ్ఞానమ్మే, ఇనుముంటే కీడు దగ్గరికి రాదని కొడుకు కోటులో దాచింది. ఎక్కేముందు తాళంచెవులూ బెల్టులూ అన్నీ తీసిపెట్టాం. దీని సంగతి నాకేం తెలుసు? యంత్రం కన్ను పక్కనే ఇది ఊగుతుంటే గీత వంకర పోక ఏమవుతుంది?

నాడా పట్టుకుని ముందుకు పరిగెత్తాను. మదన్ మోహన్ అదిరిపడ్డాడు.

“ఇటు తేకు, నా దిక్సూచి తప్పుతది. గా మబ్బుల దిక్కు తెల్వకుంటే అందరం పోతం. నడిమిట్ల పండుకో. కదలకు. నువ్వు వణికితే గీత వణుకుతది.”

యంత్రం దగ్గర నా బదులు తోటి ఉద్యోగి శశిధర్ కూర్చున్నాడు. నేను బోర్లా పడుకుని నాడాను పొట్టకింద అదుముకున్నాను. విమానం పైకి లేచి కిందికి జారింది. చిన్నప్పటినుంచి నోటికొచ్చిన ప్రార్థన మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. పళ్లు బిగబట్టి, వణకకుండా ఉండడమొక్కటే చేశాను.

“గీత సక్కగొచ్చింది,” అన్నాడు శశిధర్. మబ్బు మీద పడకముందే వెనక్కు తిరిగాం. నేను మాత్రం లేవలేకపోయాను.

హైదరాబాదులో దిగి, బస్సులో ఇల్లు చేరేసరికి అమ్మ వాకిట్లోనే ఉంది. ఆమె చెయ్యి నేరుగా కోటు అంచు మీదికి పోయింది.

“యాడ వెట్టినవ్ కొడుకా?”

నాడా తీసి ఆమె చేతిలో పెట్టాను. “ఇది ఉంటే మళ్ల మళ్ల తిప్పుతరమ్మా. దీంతోనే ఇయ్యాల మబ్బు వచ్చేదాంక పైన్నే ఉన్నం.”

ఆమె ముఖం పాలిపోయింది. “మరి రేపు ఏం పట్టుకొని పోతవ్?”

తెగిన అంచు కుట్టమని కోటు విప్పి ఆమెకే ఇచ్చాను.

మర్నాడు విమానమెక్కేముందు కోటు అంచు నేనే తడిమి చూసుకున్నాను. ఖాళీగా ఉంది. ఉంటే బాగుండుననిపించింది.