మామగారి వరుసలో ఒక్క మాట

తలచినంతనే విఘ్నాలను తొలగించే ఏకదంతా, నీకు సాష్టాంగ ప్రణామం. తాకినంతనే విఘ్నాలను పుట్టించే ఒక మహిమ గురించి చెప్పబోతున్నాను. పోటీ అనుకోక కాసేపు ఓపిక పట్టు.

ఒకానొక పంపుల ఫ్యాక్టరీలో డేటాబేస్ చూసుకునే అల్లుడొకడు ఉండేవాడు. ఆ ఉద్యోగం అక్కడి మేనేజరైన మామగారి చలవ. ఉద్యోగుల పట్టికలో మనిషికొక వరుస. ఎవరి వరుసలోనైనా ‘విరమణ’ అని మారితే చాలు, ఎవరూ ఆజ్ఞాపించకుండానే తక్కిన తంతు జరిగిపోయేలా అల్లుడొక ట్రిగ్గర్ రాశాడు. తలుపు కార్డు చెల్లదు, కుర్చీ ఆ కింది హోదాలోని ఉద్యోగికి దఖలు పడుతుంది, సిబ్బందికంతా వీడ్కోలు సందేశం వెళుతుంది.

ఏదైనా ముందు సొంత వరుసపైనే పరీక్షించుకోవాలన్నది ఆ ఆఫీసు ఆనవాయితీ. తన పేరు పక్కన తానే ‘విరమణ’ అని రాసుకోవడానికి అల్లుడికి చేతులు రాలేదు. మామగారు ఎలాగూ ఆ వయసుకు వచ్చారు కదా అని ఆయన వరుస మార్చి, వెంటనే యథాతథంగా దిద్దేశాడు. వరుసైతే దిద్దుకుంది గాని, వెళ్ళిన సందేశం వెనక్కి రాలేదు, చచ్చిన కార్డు లేవలేదు. జరిగినదాన్ని వెనక్కి తిప్పే ట్రిగ్గర్ ఎవరు రాశారు గనుక!

ఫోన్ మోగింది.

“ఏమయ్యా అల్లుడూ, బాత్రూమ్‌కెళ్ళి వచ్చేసరికి నా గది తలుపు నన్ను రానివ్వట్లేదు. లోపల స్టోర్సు గుమాస్తా నా కుర్చీలో కాళ్ళూపుతున్నాడు.”

“అది ట్రిగ్గర్ మామయ్యగారూ. ఒక్క మాట మారిస్తే మిగతాదంతా అదే చేసేస్తుంది.”

“అచ్చం మీ అత్తయ్యలాగే. ఇంతకీ మార్చిందెవరు?”

“నేనేనండీ.”

అల్లుడు లెక్క వేసుకున్నాడు. రేపు వెళ్ళడానికి ఆఫీసు ఉండదు, ఇవాళ వెళ్ళడానికి ఇల్లూ ఉండదు.

“ఇప్పుడే సరిచేస్తానండీ.”

“ఆగవయ్యా.” మామగారి గొంతు మెత్తబడింది. “ఆ వీడ్కోలు సందేశానికి జవాబుగా గేటువాడు నన్ను ధర్మమూర్తి అని రాశాడు. అకౌంటెంటు ఏడుస్తున్నాడట. నిన్నటిదాకా ఒక్కడూ నా నమస్కారానికి తల తిప్పలేదు. సాయంత్రం దాకా ఉండనీ, ఇంకా వస్తాయి.”

“మరి నా ఉద్యోగం?”

“అందరూ రాశారు, నువ్వే రాయలేదు. ముందది రాయి. కాస్త పొడుగ్గా.”

అల్లుడు ‘దైవసమానులైన మామయ్యగారికి’ అని మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఆయనకు కుర్చీ, ఇతనికి కొలువు దక్కాయి.

మర్నాడు వెనక్కి తిప్పే ట్రిగ్గర్ రాసి, బుద్ధిగా తన వరుసలోనే ‘విరమణ’ అని పెట్టి పరీక్షించుకున్నాడు. ఆఫీసంతటికీ అతని వీడ్కోలు సందేశం వెళ్ళింది. జవాబు ఒక్కటే వచ్చింది, మామగారి నుంచి: ‘శుభం.’

ఈ కథ విన్నవారందరి కార్డులూ చెల్లుగాక, కుర్చీలు కదలకుండుగాక, వారిపై పొగడ్తలు వారు కొలువులో ఉండగానే కురియుగాక!