ముక్కుకోత కిష్టమ్మ

నూట పన్నెండో కోడిపిల్లను పట్టుకునేసరికి కత్తి ఎరుపు తగ్గింది. కిష్టమ్మ ఎడమచేతిలో పిల్లను అలాగే ఉంచుకుని, కుడిచేత్తో కుంపటిలో బొగ్గులు ఎగదోసి, రెండో కత్తి బయటికి తీసింది. పిల్ల తల వెనక బొటనవేలు, గొంతు కింద చూపుడువేలు. గొంతును మెల్లగా నొక్కితే నాలుక లోపలికి పోతుంది, కాలదు. ముక్కు కొనను కత్తికి ఆనించి మనసులో ఒకటి, రెండు అనుకుంది. కొమ్ము కాలిన వాసన లేచింది. పిల్ల ఒళ్ళు ఒక్కసారి బిగిసి వదులైంది. దాన్ని బుట్టలో వేసి ఇంకోదాన్ని పట్టింది.

నానక్‌రామ్‌గూడ నుంచి గోపన్‌పల్లి పోయే బండ్లబాట పక్కన, గుండ్ల మధ్య ఉన్న ఆ కోళ్ళఫారంలో, పెరిగాక ఒకదాన్నొకటి పొడుచుకోకుండా పిల్లల ముక్కులు కోయడం ఆమె పనే. వాళ్ళూ వీళ్ళూ కోస్తే నెత్తురు కారేది, పిల్లలు చచ్చేవి. కిష్టమ్మ చేతిలో ఒక్క చుక్క రాలేది కాదు. చుట్టుపక్కల ఫారాల వాళ్ళు కూడా ఆమెను పిలిపించుకునేవారు. నలభై ఐదేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. కుంపటి సెగకు కుడిచెంప ఎడమచెంప కంటే నల్లబడింది. బొటనవేలి చర్మం మందమెక్కి, గోరు పక్కన ఎప్పుడూ పగిలి ఉండేది. ముక్కుకోత కిష్టమ్మ అంటే తప్ప ఇప్పుడు ఎవరూ గుర్తుపట్టరు.

పదమూడో ఏట గోపన్‌పల్లి కోడలైంది. మొగుడు పెంటయ్య బండ కొట్టే పనివాడు. ఒకనాడు పేల్చిన బండ చీలి మీద పడితే ఇంటికి గోనెపట్టాలో వచ్చాడు. అప్పటికి కూతురు భాగ్యమ్మ చంకపిల్ల. ఆ రోజుల్లో కిష్టమ్మకు ఎనిమిది నాటుకోళ్ళు ఉండేవి. ఒక్కోదానికి ఒక్కో పేరు. పొద్దున గంప ఎత్తితే గుండ్ల వెంట సీతాఫలం చెట్ల కిందికి పోయేవి, చీకటి పడేముందు తమంత తామే వచ్చేవి. ఒకదాని రెక్క కుక్క పట్టి విరిచేస్తే పసుపు పెట్టి, గుడ్డ కట్టి, రెండు వారాలు ఒళ్ళో పెట్టుకు తిరిగింది. ఇప్పుడు తలచుకుంటే ఆ మనిషి ఎవరో వేరే మనిషి అనిపిస్తుంది.

ఈ పని ఆమెకు నేర్పింది యజ్ఞనారాయణ. పశువుల శాఖలో చిన్న ఉద్యోగి, కోస్తా మనిషి. పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో అట్టపెట్టెల నిండా తెల్లకోడి పిల్లలను పెట్టుకుని ఊరూరా తిరిగి, కోళ్ళు పెంచితే కరువు పోతుందని చెప్పేవాడు. యజమాని చలపతిరావు చేత ఈ ఫారం పెట్టించింది కూడా ఆయన మాటే. ఆ మొదటి ఏడాది కిష్టమ్మ వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి, పిల్లను ఎలా పట్టాలో, ఎక్కడ నొక్కాలో చూపించాడు. అప్పట్లో కోళ్ళు ఊక పరిచిన నేల మీద తిరిగేవి. డెబ్బయి రెండులో ఇనుప పంజరాలు వచ్చాయి, గంపంత పంజరానికి మూడేసి కోళ్ళు. పుట్టిన కొన్నాళ్ళకు లోపల వేస్తే, గుడ్లు మానేసినప్పుడు కోతకు పంపడానికే తీసేది.

యజ్ఞనారాయణ పదవీవిరమణ చేసి హఫీజ్‌పేట్‌లో రైలు స్టేషన్ దగ్గర కాపురం పెట్టాడు. విశ్రాంతిగా ఉండాల్సిన మనిషి ఫారం వెంట ఫారం తిరిగి, పంజరాలు కొలిచి, పెద్ద ఆఫీసులకు అర్జీలు రాయడం మొదలుపెట్టాడు. కోడి రెక్క చాపుకునేంత చోటు ఇవ్వాలని, ముక్కులు కాల్చడం మానాలని, మూగజీవాలను హింసించకూడదన్న చట్టం కోళ్ళకూ వర్తిస్తుందని. ఫారాల వాళ్ళు నవ్వారు. కొందరు గేటు వేశారు.

పది రోజుల కిందట చలపతిరావు ఊళ్ళో లేని రోజున ఆయన వచ్చి కుంపటి పక్కనే కింద కూర్చున్నాడు. చాలాసేపు ఆమె చేతులకేసి చూశాడు.

“నేర్పింది నేనే కిష్టమ్మా. అందుకే సిగ్గుపడుతున్నాను. నీకు తెలిసింది చెప్తావా?”

ఆమె చెప్పింది. కాలిగోళ్ళు పెరిగి తీగ చుట్టూ మెలిపడి, కోడిని తీయబోతే వేలు తెగివచ్చే సంగతి చెప్పింది. చచ్చిన కోడి మీద బతికిన రెండూ రెండు రోజులు నిలబడి ఉండే సంగతి చెప్పింది. చివరికి ఎవరికీ చెప్పనిది కూడా చెప్పింది. గుడ్లు మానేసిన కోడినొకదాన్ని, లారీ ఎక్కించేముందు ఎందుకో మట్టి మీద దించింది. అది ఒక కాలెత్తి మళ్ళీ కింద పెట్టలేకపోయింది. మట్టి అంటే ఏమిటో తెలియక అలాగే ఒంటికాలి మీద వణికింది. ఆయన అన్నీ రాసుకున్నాడు. తనిఖీకి ఆఫీసరు వస్తే ఎదురుగా చెప్తావా అని అడిగితే, చెప్తానంది. ఆ మాట అన్నప్పుడు ఆమెకు చాలా ఏళ్ళ తరువాత ఒళ్ళు తేలికైంది.

ఇవాళే ఆఫీసరు వచ్చే రోజు.

కుంపటి ముందు కూర్చోకముందే, తెల్లవారకుండానే ఆమె చేసిన పని ఇంకొకటి ఉంది. నిన్న సాయంత్రం చలపతిరావు ఆమె గది దగ్గరికి వచ్చాడు. ఫారం వెనక ఆ రేకుల గదిలోనే తల్లీకూతుళ్ళ కాపురం. మొగుడు వదిలేసిన భాగ్యమ్మకు గుడ్లు ఏరే పని ఇచ్చి, ఉండటానికి చోటు ఇచ్చింది ఆయనే. కిష్టమ్మకు కామెర్లు వచ్చినప్పుడు తన జీపులో దవాఖానకు తీసుకుపోయిందీ ఆయనే. ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడడు.

“ముందు షెడ్డులో పంజరానికి ఒకటి చొప్పున తీసి వెనక షెడ్డులో సర్దండి. రేపు ఆఫీసరు గారు అడిగితే నీకు తోచింది చెప్పు కిష్టమ్మా, నేనేమీ అనను. అన్నట్టు, ఈ గది రేకులు చిల్లులు పడ్డాయట కదా. వానలకు ముందే మార్పిస్తాను.”

అంతే అన్నాడు. ఆ రాత్రి భాగ్యమ్మ చాప మీద అటు తిరిగి పడుకుంది. తెల్లవారుజామున ఇద్దరూ లేచి ముందు షెడ్డులో కోళ్ళను ఒక్కొక్కటిగా తీసి, వెనక షెడ్డులో అప్పటికే మూడేసి ఉన్న పంజరాల్లోకి నాలుగోదాన్ని దూర్చారు. తలుపు మూయడానికి కిష్టమ్మ మోచేత్తో నెట్టవలసి వచ్చింది.

పదకొండు గంటలకు జీపు వచ్చింది. అప్పటికే మే నెల ఎండకు గుండ్లు కాలుతున్నాయి. ఆఫీసరు దిగాడు, వెనక నుంచి యజ్ఞనారాయణ దిగాడు. ఉతికిన తెల్లచొక్కా, చంకలో కాగితాల సంచి, చేతిలో నల్లగొడుగు. కిష్టమ్మను చూసి కొద్దిగా తల ఊపాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ నేలకేసి చూసింది.

ఆఫీసరు ముందు షెడ్డు తిరిగి చూశాడు. పంజరానికి రెండే కోళ్ళు, కింద శుభ్రంగా ఊడ్చి ఉంది, నీళ్ళగొట్టాలు నిండుగా ఉన్నాయి. అర్జీలో రాసినదానికీ దీనికీ పొంతన లేదే అన్నాడు. వెనక షెడ్డు కూడా చూడాలని యజ్ఞనారాయణ అంటే, అందులో జబ్బుకోళ్ళు ఉన్నాయని, మనుషుల కాళ్ళతో రోగం ముందు షెడ్డుకు పాకుతుందని చలపతిరావు చెప్పాడు. ఆఫీసరు సరేనని వసారాలో కుర్చీలో కూర్చుని, కాగితం తీసి, ఇక్కడ కిష్టమ్మ అంటే ఎవరని అడిగాడు.

ఆమె వసారా మెట్టు కింద ఎండలో నిలబడింది. పంజరానికి ఎన్ని ఉంటాయని అడిగాడు.

“రెండే సారూ. ఎప్పుడైనా గట్లనే ఉంటయి. మంచిగనే ఉంటయి.”

మరి గోళ్ళు తీగ చుట్టూ పెరిగిపోతాయని, చచ్చినవాటిని తీయరని ఈయనకు చెప్పింది నువ్వే కదా అని ఆఫీసరు కాగితం మీద వేలు పెట్టి అడిగాడు. వసారా చివర గుడ్లబుట్ట పట్టుకుని భాగ్యమ్మ నిలబడి ఉంది. ఆ పిల్ల కాళ్ళకు చెప్పులు లేవు. కిష్టమ్మ ఆ కాళ్ళనే చూస్తూ చెప్పింది.

“నేనేం జెప్పలే సారూ. ఆ సారెవరో నాకెర్క లేదు.”

ఇంత మాట అంటానని ఆమె అనుకోలేదు. కాదంటే చాలు, చెప్పలేదంటే చాలు. ఎరుక లేదనడం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియలేదు. వేళ్ళ మీద వేళ్ళు పెట్టి పని నేర్పిన మనిషి ఆమెకు మూడడుగుల దూరంలో ఉన్నాడు.

ఆఫీసరు ఆయనవైపు తిరిగాడు. యజ్ఞనారాయణ సంచి నాడా సరిచేసుకున్నాడు.

“ఆవిడ చెప్పేది నిజమేనండి. పొరపాటు నాది. ఇంకో ఫారంలో ఎవరో చెప్పినవి ఈవిడ పేరు కింద రాసుకున్నాను. పెద్దవాణ్ణయ్యాను కదండి, కలగలిసిపోతున్నాయి.”

ఆఫీసరు చాలాసేపు చీవాట్లు పెట్టాడు. పింఛను తీసుకునే మనిషి ప్రభుత్వం సమయం పాడుచేయడం తగదన్నాడు, మళ్ళీ అర్జీ పెడితే పింఛను కాగితాలు కదిలించవలసి వస్తుందన్నాడు. యజ్ఞనారాయణ చేతులు కట్టుకుని విన్నాడు. తరువాత ఆఫీసరూ చలపతిరావూ మజ్జిగ తాగారు. జీపు బయలుదేరినప్పుడు ఆయనను ఎక్కమని ఎవరూ అనలేదు. ఆయనా అడగలేదు. హఫీజ్‌పేట్ అక్కడికి ఐదారు మైళ్ళు.

జీపు దుమ్ము అణిగాక, వసారా గోడకు ఆనించి ఉన్న నల్లగొడుగు కిష్టమ్మ కంట పడింది. ఆయన మరచిపోయాడు. బాట మీద ఇంకా కనిపిస్తూనే ఉన్నాడు, తెల్లచొక్కా, నెత్తిన కాగితాల సంచి. పరుగెత్తితే అందుతాడు. గొడుగు చేతిలోకి తీసుకుంది. వసారాలో చలపతిరావు నిలబడి చేతిగడియారానికి కీ ఇచ్చుకుంటున్నాడు. ఆమెకేసి చూడలేదు కూడా. చూస్తే ఏమనుకుంటాడో అని ఆమె అలాగే నిలబడింది. గుండు మలుపులో చొక్కా కనిపించకుండా పోయేదాకా నిలబడి, గొడుగును కొంగు కింద పెట్టుకుని గదికి పోయింది.

మూడు గంటలకు భాగ్యమ్మ వచ్చి వెనక షెడ్డుకు రమ్మంది. తక్కువ ఎత్తు రేకుల కింద గాలి లేదు. నాలుగేసి కోళ్ళు ఒకదానికొకటి అతుక్కుని, నోళ్ళు తెరిచి, మెడలు తీగల్లోంచి బయటికి వేలాడేశాయి. తెల్లవారుజామున ఆమె మోచేత్తో నెట్టిన తలుపులే మళ్ళీ తెరిచింది. చచ్చినవాటిని తీయడానికి చీకటిపడేదాకా పట్టింది. తట్టల్లో మోసుకుపోయి గుండ్ల వెనక గొయ్యిలో వేశారు. కొన్ని ఇంకా వెచ్చగా ఉన్నాయి. భాగ్యమ్మ ఒక మాటు ఆగి, “అమ్మా, ఆ ముసలి సారు నిన్నేమనలేదు గదా,” అంది. కిష్టమ్మ మట్టి తోస్తూనే ఉంది.

పదిహేనోనాడు సెలవు అడిగి, గొడుగు పట్టుకుని హఫీజ్‌పేట్ నడిచింది. స్టేషన్ దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. తలుపు తీసింది ఆయన భార్య వీరలక్ష్మి. నుదుట బొట్టు లేదు. కిష్టమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆ సాయంత్రం జ్వరంతో వచ్చి పడుకున్నారని, ఎండదెబ్బ అని డాక్టరు అన్నాడని, మూడోనాటి పొద్దున పోయారని వీరలక్ష్మి చెప్పింది. ఎవరు మీరని అడగబోయి, కిష్టమ్మ చేతులు చూసి ఆగింది.

“కిష్టమ్మవు కదూ.”

“నేను అబద్ధం జెప్పినమ్మా.”

“ఆయన చెప్పారు. కూతురు ఉంది కదా, ఏం చేస్తుంది పాపం అన్నారు.” వీరలక్ష్మి గొంతులో కోపం లేదు. “నీ మీద నింద రాకూడదని తన దగ్గరున్న అర్జీ కాగితం మీద నీ పేరు కొట్టేయమన్నారు. నేనే కొట్టేశాను.”

కిష్టమ్మ గొడుగు ఆవిడకు అందించబోయింది. వీరలక్ష్మి అందుకోలేదు. బయట మాడిపోతోంది, వేసుకుని వెళ్ళు అని చెప్పి, లోపల ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

ఆ ఆరు మైళ్ళూ కిష్టమ్మ గొడుగు మూసే పట్టుకుని నడిచింది.

ఆ తరువాత చెయ్యి వణుకుతోందని చెప్పి కత్తి మానేసింది. చలపతిరావు కాదనలేదు. అయితే ఇంకొకరికి నేర్పాలి అన్నాడు. రుక్కమ్మ అని కొత్తగా చేరిన పడుచు వచ్చి కూర్చుంటే, ఆ పిల్ల వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి, ఎక్కడ నొక్కాలో కిష్టమ్మ చూపించింది. వేరే ఏం చేయాలో ఆమెకు తోచలేదు. గది మీద కొత్త రేకులు పడ్డాయి. ఆమె నాలుగేళ్ళు దాణా మోసింది. ఎవరైనా ముక్కుకోత కిష్టమ్మా అని పిలిస్తే పలికేది కాదు, వినపడలేదేమో అనుకునేవారు.

డెబ్బయి ఎనిమిది చలికాలంలో, పొద్దున భాగ్యమ్మ లేపితే లేవలేదు. రెండు చీరలు, ఒక కంచం, కొద్దిగా వక్కపొడి మిగిలాయి. తలుపు వెనక మేకుకు నల్లగొడుగు వేలాడుతోంది. తలుపు సందులోంచి వచ్చే వెలుతురుకు పైమడతలు వెలిసి ఎర్రబారాయి. లోపలి మడతల్లో గుడ్డ మాత్రం ఇంకా కొత్త నలుపుతో ఉంది.