ఎలుక కాదన్న రక్తం

నేను బస్సు కండక్టర్ని. టికెట్ లేనివాణ్ణి ముఖం చూసే పట్టేస్తాను. అందుకే మా ఆవిడ తన ప్రయోగశాల సంగతి చెప్పినప్పుడు ఇట్టే అర్థమైంది. వాళ్లు మందును కంటికి ఆనని రేణువుల్లో నింపుతారు. రక్తంలోకి వెళ్లగానే ఒంట్లోని కాపలా కణాలు వాటిని పరాయివని పట్టి మింగేస్తాయి. మందు చేరాల్సిన చోటికి చేరదు.

"అందుకని ఎర్ర రక్తకణం పైపొర ఒలిచి రేణువుకి తొడుగుతాం. చూసేవాళ్లకి మనవాడే అనిపిస్తాడు," అంది.

"పాస్ ఉన్నవాడన్నమాట!"

"అలాగే అనుకోండి. ఈసారీ మింగేస్తే మాత్రం ఈ పని ఆపేస్తానంది మా ప్రయోగశాల పెద్ద, మేడం."

మా ఆవిడది ఏళ్ల కష్టం.

మందును ముందు ఎలుకలకి ఎక్కించి చూస్తారు. తొడుగుకి రక్తం బోలెడు కావాలి, ఒక్కో ఎలుక నుంచి పిసరంతే తీయొచ్చట. "నేను లేనూ?" అన్నాను. సూది చూస్తే కళ్లు తిరిగే మనిషిని, అయినా చెయ్యి చాపాను. మర్నాటి నుంచి బస్సెక్కిన ప్రతివాడికీ టముకు వేశాను, మా ఆవిడ మందు నా రక్తంతోనే పనిచేస్తుందని.

"ఆ ఎలుకకి నీ కోపం అంటుకోకుండా చూడు బావా," అన్నాడు డ్రైవరు.

నా రక్తకణాల పొర తొడిగిన ఆ రేణువులు ఎలుకలో గంటైనా నిలవలేదు.

"ఎలుకకి మనిషి రక్తం పరాయిదే. తెలిసీ తొందరపడ్డాను," అంటూ ఏడ్చింది మా ఆవిడ.

"అంటే ఎలుక నన్ను గెంటేసిందా?" నాకు ఒళ్లు మండింది.

ఏడుస్తున్నదల్లా ఫక్కున నవ్వింది. "మేడంని ఇంకొక్కసారి బతిమాలతాను. ఈసారి ఎలుకల రక్తమే, కొద్దికొద్దిగా పోగేసి."

మేడం సణిగి ఒప్పుకుంది. కొత్త రేణువులు ఎక్కించిన మర్నాడు, బస్సు కిక్కిరిసి ఉండగా ఫోన్ మోగింది.

"ఉన్నాయండీ! నిన్నటివి ఇంకా రక్తంలో తిరుగుతూనే ఉన్నాయి! పని ఆపొద్దంది మేడం!"

ఆవిడ గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్లయిందో. నాకు కళ్లు చెమర్చాయి. విజిల్ ఊదాను. డ్రైవరు బస్సాపి వెనక్కి తిరిగాడు.

"అందరూ వినండి! ఇన్నాళ్లూ నేను కోసినవన్నీ కోతలే! నా రక్తాన్ని ఎలుక ఛీకొట్టింది! మా ఆవిడ గెలిచింది!"

"ఎలుకకి బుద్ధుంది," అన్నాడు వెనకసీటు పెద్దాయన.

బస్సంతా గొల్లుమంది. ఫోన్ ఇంకా నా చెవి దగ్గరే ఉంది. అవతల మా ఆవిడ కూడా నవ్వుతోంది.