దవాఖానల పట్టింది

పాప గుడ్డలు పిండుతుంటే కడుపు మీది కుట్టు మళ్లీ చెమ్మగిల్లింది. అత్త నర్సవ్వ కంట పడకుండా ప్రమీల గోడవైపు తిరిగింది. నర్సవ్వ చూడనే చూసింది.

"తానం సక్కగ చెయ్యవు, గోళ్లు తియ్యవు. గందుకే మానుతలేదు. ఆ చేతులతోటి పిల్లను ముట్టకు" అంటూ మనవరాలిని ఒళ్లో సర్దుకొని పాలసీసా అందించింది.

కాన్పయి సూరత్ శివారు వడోద్‌లోని ఈ ఒంటిగదికి వచ్చినప్పటి నుంచీ ఇదే మాట. వినీ వినీ ప్రమీలకూ తన ఒళ్లంటే రోత పుట్టింది. చర్మం మండేదాకా రుద్దుకునేది. పాలు చేపుకొచ్చి రవిక తడిస్తే మోరీ దగ్గర పిండి పారబోసేది. ఇప్పుడు ఆ పాలూ ఇంకిపోతున్నాయి. కరోనా రోజులని ఆసుపత్రిలో డాక్టరు ఆమె మొగుడు రఘుపతిని ఒక్కణ్నే పిలిచి మాట్లాడేవాడు. ఏమన్నాడని అడిగితే మొగుడు నవ్వేవాడు. "పదో తరగతి గూడ రాయలే, నీకేం సమజైతది? సాఫ్‌గ ఉండమన్నడు."

ఆ రోజు అతనికి మిల్లులో సెలవు దొరకలేదు. ప్రమీల ఒక్కతే కట్టు మార్పించుకోను పోయింది. కట్టు విప్పుతున్న నర్సు పద్మారాణి సూరత్‌లోనే పెరిగిన తెలుగు పిల్ల. నా మురికి పోతలేదు సిస్టర్, అని ప్రమీల సిగ్గుపడుతూ అంటే ఆమె చెయ్యి ఆగింది.

"మీ మురికేంది అక్కా? ఇది ఆపరేషనప్పుడు ఈ దవాఖానల్నే పట్టింది. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా. మీ ఆయనకు మొదట్లనే చెప్పినం గద. పుండు కప్పుకొని, సబ్బుతో చేతులు కడుక్కొని పాపకు పాలియ్యొచ్చని గూడ చెప్పినం."

సాయంత్రం రఘుపతి చెప్పులు విప్పకముందే ప్రమీల గుమ్మం దగ్గర అడిగింది. అతను గొంతు తగ్గించాడు.

"మందులకు లొంగని రోగమంటే అమ్మ ఊరికి పోయేది. వండేదెవరు? నీ మురికే అంటే కడుక్కుంటే పోతదనుకొని ఉన్నది. పిల్ల డబ్బా పాలు తాగి మంచిగనే ఉన్నది గద."

"ఏందిరా గుసగుసలు?" లోపలినుంచి నర్సవ్వ.

"ఏం లేదే అమ్మా. సాఫ్‌గ ఉండమని చెప్తున్న."

అంతకుముందు దాచింది ఒక ఎత్తు, ఇప్పుడు తన ముఖం మీదే అన్న ఈ మాట ఒక ఎత్తు. ప్రమీల సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కొని, వెళ్లి అత్త ఒళ్లోంచి బిడ్డను తీసుకుంది.

"ఇది దవాఖానల పట్టింది అత్తా. మందులకు లొంగుతలేదు. నీ కొడుకుకు మొదటి నుంచి ఎరుకే. భయమైతే ఊరికి పో, నేనేమనుకోను. పిల్ల నా దగ్గరనే ఉంటది."

నర్సవ్వ కొడుకు వైపు చూసింది. అతను చెప్పుల వైపు చూశాడు.

రొమ్ము అందిస్తే పాప మొహం తిప్పుకొని ఏడ్చింది. సీసా తీసుకో, అన్నాడు రఘుపతి. ప్రమీల వినిపించుకోలేదు. బిడ్డను ఇంకాస్త దగ్గరికి పొదువుకొని చెవిలో అంది.

"ఏడువు బిడ్డా. మెల్లగ నేర్సుకుందాం, నువ్వూ నేనూ."