దానంతటదే రాసిన చెయ్యి

సముద్రం దాటొచ్చినవాళ్ళు కట్టుకున్న స్టోనీ నెక్ ఊళ్ళో పదకొండు బావులుంటే పదకొండూ కెజియా చూపించినవే. ఆ సంగతి అందరికీ తెలుసు, పైకి మాత్రం ఒక్కరూ అనరు. పంగల కర్ర పట్టుకుని నేల కింద జల చూడటం పిశాచి విద్య అని బోధకుడు చెబితే ఆదివారం ప్రార్థనశాలలో బుద్ధిగా తలలూపినవాళ్ళే, సోమవారం ప్రార్థనశాల పెద్ద డీకన్ థర్లో గారి పెరటి గుమ్మం దగ్గర చేరి, మీ పనిపిల్లని ఒక్క గంట పంపుతారా అని నసిగేవాళ్ళు. కెజియా వెళ్ళి ఇక్కడ తవ్వండి అనేది. నీళ్ళు పడేవి. ఆ నీళ్ళు తాగి, వాటితో మొక్కజొన్న సంకటి వండుకుని, వాటితోనే బిడ్డలకు బాప్తిస్మం ఇప్పించుకున్న జనమే ఈ రోజు పిండిమర చెరువు గట్టున నిలబడి ఆమె మునుగుతుందా తేలుతుందా అని చూస్తున్నారు. అంతమందిలో సిగ్గూ శరం ఉన్న ముఖం ఒక్కటీ కనబడలేదు కెజియాకి.

ఆమె కుడిచేతి బొటనవేలిని ఎడమకాలి బొటనవేలికీ, ఎడమచేతి వేలిని కుడికాలి వేలికీ కట్టేశారు. నడుముకి తాడు బిగించారు. మునిగితే నిర్దోషి, తాడు లాగి బయటికి తీస్తారు. తేలితే మంత్రగత్తె. బాప్తిస్మం కాదనుకున్నదాన్ని నీళ్ళు కూడా కాదంటాయట. ఆ తర్వాత పట్నం కోర్టు, ఉరికొయ్య. తాడు రెండో కొస ఎనోస్ చేతిలో పెట్టారు. మంత్రం తగిలింది అతనికే గనక తాడు అతనే పట్టాలని బోధకుడు హాబర్ట్ గారు నిర్ణయించారు.

ఎనోస్ డీకన్ గారి ఒక్కగానొక్క కొడుకు. పంతొమ్మిదేళ్ళవాడు. కెజియాకి పదిహేడు. ఏడేళ్ళు ఊడిగం చేస్తానని పత్రం మీద గీత గీసి పన్నెండేళ్ళప్పుడు ఓడ దిగింది. ఇంకా రెండేళ్ళు మిగిలాయి. అవి తీరేదాకా పెళ్ళి మాట ఎత్తకూడదు. ఎత్తినా యజమాని ఒప్పుకోవాలి. వంటింటి పిల్ల కోడలవుతానంటే డీకన్ గారు ఒప్పుకునే మనిషేనా?

అయినా రెండు వేసవులు ఆపిల్ తోటలో వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. నీళ్ళు ఎక్కడున్నాయో నీకెలా తెలుస్తుంది అని ఆమెని అడిగిన మనిషి లోకంలో ఎనోస్ ఒక్కడే. మిగతావాళ్ళకి బావి కావాలి, అంతే. కర్రదేమీ లేదని, అది ఊరికే చేతిలో ఉండటానికేనని, నీళ్ళే తనతో మాట్లాడతాయని ఆమె చెప్పింది. ఎనోస్ నవ్వలేదు. బోర్లా పడుకుని చెవి నేలకి ఆనించాడు. చెవిలో చీమ దూరింది. అప్పుడిద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. నీ ఊడిగం తీరిన మర్నాడే మనిద్దరి పేర్లూ రాసి పెళ్ళి ప్రకటన ప్రార్థనశాల తలుపుకి అంటిస్తాను, ఎవడు కాదంటాడో చూస్తాను అన్నాడు. ఆమె నమ్మింది. ఎందుకు నమ్మదు?

ఆ ప్రకటనే వాళ్ళ కొంప ముంచింది. అక్షరాలు కుదురుగా రావాలని ఒక కాగితం మీద మూడుసార్లు రాసి చూసుకున్నాడు. ఈ ఊరి ఎనోస్ థర్లో, ఈ ఊరిదే అయిన కెజియా పెళ్ళి చేసుకోదలిచారని. ఆ కాగితం కీర్తనల పుస్తకంలో డీకన్ గారికి దొరికింది. బుద్ధున్న కొడుకు ఇలాంటిది రాయడు, రాశాడంటే ఎవరో రాయించి ఉండాలి అన్నాడాయన. ఆ రాయించింది ఎవరో ఊరికి వేరే చెప్పక్కర్లేకపోయింది.

పెద్దలు ప్రార్థనశాలలో విచారణ పెట్టిన రోజున కెజియాకి ఏమంత భయం వేయలేదు. ఎనోస్ నోరు తెరిచి నిజం చెబితే చాలు. మహా అయితే కొరడా దెబ్బలు తగులుతాయి, ఇద్దరికీ తగులుతాయి, దానికేముంది అనుకుంది. బోధకుడు కాగితం పైకెత్తి, ఇది నువ్వే రాశావా అబ్బాయీ అని అడిగాడు. ఎనోస్ తండ్రి వైపు చూశాడు.

"నాకేం తెలీదండీ. చెయ్యి దానంతటదే రాసింది."

కెజియాకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఆ మంట ఆరకుండానే నాలుగో రోజున ఆమెని చెరువులోకి తోశారు.

ఏప్రిల్ నెల నీళ్ళు, ఎముకలు కొరికే చలి. తాను తేలతానని కెజియాకి ముందే తెలుసు. ఓడ దిగేటప్పుడు ఒడ్డుకి వేసిన బల్ల మీంచి జారి సముద్రంలో పడితే, ఈత రాని పిల్లని నీళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఒడ్డుకి చేర్చాయి. ఇప్పుడూ అంతే. వచ్చావా అంటూ వీపు కింద చేరాయి. మునగనివ్వు, ఈ ఒక్కసారికి మునగనివ్వు అని బతిమాలింది. నీళ్ళకి ఆ మాట అర్థం కాలేదు. ప్రేమించినదాన్ని ముంచడం వాటికి తెలియదు. ఇంకా పైకి ఎత్తుతున్నాయి. గట్టు మీద ఎవరో అప్పుడే తేలుతోంది, తేలుతోంది అని అరుస్తున్నారు.

ఇక ఒక్కటే దారి కనబడింది. అది ఎలా చెయ్యాలో ఎనోస్ చూపించే ఉన్నాడు.

"నువ్వెవరో నాకు తెలీదు. నీతో నేనెప్పుడూ మాట్లాడలేదు," అంది నీళ్ళతో.

నీళ్ళు బిత్తరపోయాయి. మరుక్షణం వీపు కింది ఒడి ఖాళీ అయిపోయింది. కెజియా రాయిలా అడుగుకి చేరింది. ముక్కులో బురద, చెవుల్లో హోరు, ఆ హోరులో ఒక్క మాటా లేదు. పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్శబ్దం ఆమె వినలేదు. ప్రాణం మీదికొస్తే ఆ మాట ఎంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందో అప్పుడు తెలిసొచ్చింది. కానీ తను చావు అంచున అంది. అతను తండ్రి పక్కన బల్ల మీద కూర్చుని, పొద్దున తిన్నది అరక్కముందే అన్నాడు.

తాడు లాగారు. గట్టు మీద పడి ఆమె నీళ్ళు కక్కుకుంది. ఎనోస్ అరచేతులు తాడు ఒరుసుకుని చిట్లిపోయాయి, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మునిగింది గనక నిర్దోషి అని బోధకుడు ప్రకటించాడు. ఇంతదూరం నడిచొచ్చింది దీనికా అన్నట్టు కొందరి ముఖాలు వేలాడిపోయాయి. కెజియా మోచేతుల మీద లేచి కూర్చుంది.

"అయ్యగారూ, నేను మంత్రగత్తెని కాదని తేలిపోయిందా?"

తేలిపోయిందన్నాడు బోధకుడు.

"అయితే ఆ కాగితం ఎవరు రాసినట్టు? మీరు చెప్పండి, ఎనోస్ గారూ."

రెండేళ్ళలో ఆమె అతన్ని ఎవరూ లేనప్పుడు ఎన్నడూ మీరు అనలేదు. అందరి ముందూ అనే మీరుకీ, ఈ మీరుకీ తేడా అతనికి తెలిసింది. నేనే అంటే చాలు. ఒక్క మాట. ఊరంతా చెవులు రిక్కించుకుని ఉంది. ఎనోస్ నోరు తెరిచాడు, మళ్ళీ తండ్రి వైపు చూశాడు, తెరిచిన నోరు మూసుకున్నాడు.

బోధకుడు గొంతు సవరించుకుని, సైతాను ఒక్కోసారి మనిషి సాయం లేకుండా తానే స్వయంగా వచ్చి రాయిస్తాడని సెలవిచ్చాడు. వీళ్ళ సైతాను ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి ఆదుకుంటాడు మరి. ఆవులకి పాలు పితికే వేళయింది, ఆ పిల్లని ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు డీకన్ గారు.

ఆ వేసవిలో వాన చుక్క లేదు. ఆగస్టుకల్లా బావుల్లో బురద తేలింది. తాగడానికి ఏటి నీళ్ళున్నాయి గానీ రెండు మైళ్ళు మోసుకురావాలి. ఒకనాడు డీకన్ గారే స్వయంగా పంగల కర్ర కోసుకొచ్చి, కెజియా ముందు పెట్టి, పెరట్లో ఎక్కడ తవ్వమంటావమ్మా అని అడిగారు. అమ్మా అట.

"నాకేం తెలుస్తుందండీ? నేను మంత్రగత్తెని కాదని మీరంతా చూశారు కదా."

ఆమె చెప్పింది అబద్ధం కూడా కాదు. చెరువులో ఆ మాట అన్నాక నీళ్ళు ఆమెతో పలకడం మానేశాయి. రోజూ ఏటి దగ్గర బిందెలు ముంచుతూ క్షమించమని అడిగేది. అడిగి అడిగి, ఎనోస్ మీద ఉన్నంత కోపం తన మీదా వచ్చేది.

పెరట్లో ఎనోస్ తనకు తోచిన చోట తవ్వుతున్నాడు. మూడో గొయ్యి అది. నడుము లోతున నిలబడి, ఎవరూ చుట్టుపక్కల లేకుండా చూసి, "కెజియా, ఎక్కడో చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇప్పుడు నాన్న దేనికైనా ఒప్పుకుంటాడు, మన పేర్లు తలుపుకి అంటించడానికి కూడా," అన్నాడు.

"మీ చెయ్యి దానంతటదే రాస్తుంది కదా, ఎనోస్ గారూ. తవ్వడం కూడా దానికే వదిలెయ్యండి."

కావడి భుజాన వేసుకుని ఏటి దారి పట్టింది. ప్రార్థనశాల మెట్ల దగ్గరికి వచ్చేసరికి, వట్టి పాదాల కింద, రెండు నిలువుల లోతున ఏదో కదిలింది. అలిగిన గొంతు. వచ్చావా అంది.

కెజియా కాళ్ళు ఆగిపోయాయి. వచ్చాను, నువ్వెవరో నాకు తెలుసు అంది మెల్లగా. వెనక డీకన్ గారి పెరట్లో గడ్డపార ఎండు రాళ్ళకి తగులుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఆమె కావడి భుజం మార్చుకుని ఏటికే వెళ్ళింది. ఎవరికీ చెప్పలేదు.